కమాను పట్టీ నుంచి కత్తి దాకా

తెనాలి నుంచి రేపల్లె దాకా ఎక్కడ బావి తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుక, మళ్లీ ఒండ్రుమట్టి. కృష్ణ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఈ నేలలో గుండ్రాయి దొరకడమే గొప్ప, ఇక ఇనుప రాయి మాటెక్కడ! అయినా కొడవలి, పార, గునపం, కర్రు, కత్తిపీట, తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కత్తి అన్నీ ఇక్కడి కమ్మరి కొలిమిలోనే పుట్టేవి. ఇనుము మాత్రం బయటి నుంచి రావలసిందే. అందుకే డెల్టా కమ్మరికి ఖనిజం కరిగించే పని పడలేదు. చేతికొచ్చిన ఇనుము ఏ జాతిదో గుర్తుపట్టడం, దాన్ని కావలసిన పనిముట్టుగా తిరగ చేయడం, ఇదీ ఆయన విద్య.

ఇంట్లో ఉన్న నాలుగు పనిముట్లతో కత్తి చేసుకోవాలనుకునేవాళ్లకు కావలసిందీ ఈ విద్యే. ఒక చిన్న వంటింటి కత్తిని వెంటపెట్టుకుని ఇందులోని శాస్త్రం చూద్దాం. ఒక మాట ముందే చెప్పేస్తాను. కత్తికి ఆకారం ఇవ్వడం ఓపిక ఉంటే ఎవరికైనా వచ్చే పని. ఆ ఆకారాన్ని కత్తిగా మార్చేది మాత్రం ఎర్రగా కాలిన ముక్క చల్లబడే రెండు మూడు క్షణాలు, ఆ తర్వాత గంటసేపు పట్టే మెల్లని వేడి. అక్కడ పొరపాటు పడితే ఎంత అందంగా చెక్కినా అది కత్తి ఆకారంలో ఉన్న రేకు ముక్కే.

మొదటి ప్రశ్న, ఏ ఇనుము? తెనాలిలో పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే శిల్పులున్నారు. 2021లో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు అతికించి చేసిన ప్రధాని మోదీ విగ్రహం దేశమంతా వార్త అయింది. విగ్రహానికి ఏ ఇనుమైనా చెల్లుతుంది. కత్తికి చెల్లదు. పాత ఇనుము కొట్లో గుట్టలోంచి మనం ఏరుకోవలసింది లారీదో జీపుదో కమాను పట్టీ. వంగి మళ్లీ యథాస్థితికి రావడం దాని ఉద్యోగం కాబట్టి దాన్ని ఉక్కుతోనే చేస్తారు. అందులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, మాంగనీసూ సిలికానూ క్రోమియమూ కాస్త కాస్త. గేట్లకూ కిటికీలకూ వాడే మెత్తని ఇనుములో కార్బన్ 0.2 శాతమో, ఇంకా తక్కువో. రైలు పట్టాలో 0.6 నుంచి 0.8. మంచి ఆకురాయిలో 1 శాతం దాటుతుంది. చూడటానికి పిసరంత తేడా. పరమాణువుల లెక్కకు దింపితే కమాను పట్టీలో సుమారు 40 ఇనుప పరమాణువులకు ఒక కార్బన్ పరమాణువు. ఆ ఒక్కదాని మీదే మన పనంతా నడుస్తుంది.

కళ్లకు కనపడని ఈ కార్బన్‌ని పసిగట్టడానికి కమ్మరులకు, వెల్డింగు షాపుల వాళ్లకు ఒక ఉపాయం ఉంది. ముక్కను గ్రైండరు చక్రానికి తాకించి రవ్వలు చూస్తారు. మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, గీతల్లా సాగిపోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చక్రం దగ్గరే పగిలి, కొమ్మలు కొమ్మలుగా చీలుతాయి. ఎగిరిన రేణువులోని కార్బన్ గాలిలో మండి వాయువై ఆ రేణువును పేలుస్తుంది, అదీ కారణం. చక్రం లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. ముక్క కొసను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి సుత్తితో కొట్టండి. వంగితే పక్కన పారేయండి. పుటుక్కున విరిగితే పనికొచ్చే సరుకే.

స్లాబు పోసినప్పుడు మిగిలిన కడ్డీ ముక్కతో చేయకూడదా అని చాలామందికి సందేహం వస్తుంది. పనికిరాదు, కార్బన్ చాలదు. కానీ ఆ టీఎంటీ కడ్డీ కథ మన కథకు దగ్గరిదే. విశాఖ ఉక్కు లాంటి కర్మాగారాల్లో ఎర్రగా బయటికొచ్చే కడ్డీ మీద నీళ్లు జోరుగా చిమ్ముతారు. పైపొర గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి మెల్లగా బయటికి పాకి, ఆ పైపొర పెళుసుదనాన్ని తీసేస్తుంది. ముంచడం, మళ్లీ మెల్లగా కాచడం. మన కొలిమి దగ్గర చేయబోయేదీ అదే.

ఇనుముకీ ఉక్కుకీ తేడా కార్బనేనని ప్రపంచానికి తేటతెల్లమై రెండున్నర శతాబ్దాలు కూడా కాలేదు. 1786లో పారిస్‌లో మోంజ్, వాండర్‌మోండ్, బెర్తొలే అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ సంగతి స్పష్టంగా రాశారు. అప్పటికి చాలా ముందు నుంచే తెలుగు నేల మీద ఆ కార్బన్‌ని కొలిచినట్టు ఇనుములోకి ఎక్కించేవాళ్లు ఉన్నారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఇనుము ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూత మట్టితో బిగించి, గంటల తరబడి కొలిమిలో ఉంచి ఉక్కు ముద్దలు తీసేవారు. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సే ఆ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన చనిపోయాక, 1832లో అది కలకత్తాలో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పారశీక వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారట. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో సర్వే చేస్తే ఆ పాత కొలిముల చిట్టెం గుట్టలు ఊరూరా కనబడ్డాయి.

డెల్టాకు దీనితో చుట్టరికం రేవుల ద్వారా. 17వ శతాబ్దంలో డచ్చి వ్యాపారులు గోల్కొండ రాజ్యపు ఇనుమునూ ఉక్కునూ మచిలీపట్నం, నరసాపురం రేవుల నుంచి ఓడల్లో పంపారు. మన నిజాంపట్నంలో 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు గానీ వాళ్ల ధ్యాసంతా ముఖ్యంగా బట్టల మీద, రంగుల మీద.

ఆ ఉక్కు ముద్దలు లండన్ చేరినప్పుడు వాటిని పరీక్షించినవాళ్లలో మైకేల్ ఫారడే ఒకడు. విద్యుత్తు పరిశోధనలతో పేరు రాకముందు, 1819లో ఆయన మన ఉక్కును విశ్లేషించాడు. తర్వాత జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మన ఉక్కు రహస్యం మాత్రం వాళ్లకు పూర్తిగా చిక్కలేదు. ఫారడే తండ్రి కమ్మరి. ఆ కొడుక్కి ఈ పని మీద మనసు పోవడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

సరే, కొలిమి దగ్గరికి వద్దాం. నేలలో చిన్న గుంట, దాని పక్కనుంచి లోపలికి ఒక ఇనుప గొట్టం, గొట్టానికి చేత్తో తిప్పే గాలి పంకా. పూర్వం తోలు తిత్తి ఉండేది. బొగ్గు తుమ్మదైనా సరుగుడుదైనా బాగానే పనిచేస్తుంది. బాపట్ల తీరంలో సరుగుడుకు లోటు లేదు. రాక్షసిబొగ్గులో గంధకం ఉంటుంది, అది ఉక్కును పాడుచేస్తుంది. కర్రబొగ్గులో ఆ బెడద దాదాపు లేదు. గాలి బాగా అందితే ఈ గుంటలోనే 1,200 డిగ్రీలు దాటుతుంది. దాగలి కొనక్కర్లేదు, అడుగున్నర రైలు పట్టా ముక్క చాలు. పట్టకారు, సుత్తి, హాక్సా, ఆకురాయి, ఒక అయస్కాంతం. సరంజామా అంతే. రోడ్ల పక్కన గుడారాలు వేసుకుని లారీ పట్టీలతో కత్తులు, గొడ్డళ్లు చేసి అమ్మే సంచార కమ్మరి కుటుంబాలను మీరు చూసే ఉంటారు. వాళ్ల దగ్గరా ఇంతకంటే ఎక్కువేమీ ఉండదు. మగవాడు పట్టకారు పట్టి ముక్కను తిప్పుతుంటే ఆడమనిషి సమ్మెట ఎత్తి దించుతుంటుంది. ఎక్కడ ఎంత బలంగా పడాలో ఇద్దరికీ మాటల్లేకుండానే తెలుసు.

పట్టీ ముక్కను నారింజ రంగు దాటి పసుపు వైపు వచ్చేదాకా కాల్చి, సుత్తితో మూడు మిల్లీమీటర్ల మందానికి సాగదీస్తారు. ముదురు ఎరుపుకి దిగిపోగానే కొట్టడం ఆపాలి. చల్లారిన ఉక్కు మీద దెబ్బ పడితే కంటికి కనపడని పగులు లోపల మొదలవుతుంది, అది తర్వాత ముంచేటప్పుడు బయటపడుతుంది. ఆకారం వచ్చాక ముక్కను మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లారనివ్వాలి. కొట్టేటప్పుడు పెరిగిపోయిన స్ఫటికాలు దీంతో మళ్లీ సన్నబడతాయి. చివరిసారి మాత్రం గాలికి వదలకుండా ఊక బూడిదలో పూడ్చిపెట్టండి. వరి పొట్టు కాలిన బూడిదలో ముఖ్య పదార్థం సిలికా. అది వేడిని బయటికి పోనివ్వదు. పెద్ద ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు పైన, వేడి పోకుండా, ఈ ఊక బూడిదనే పరుస్తారు. ఊళ్లో రైసు మిల్లు వెనక గుట్టగా పడి ఉండే సరుకుకు అంత గౌరవం ఉంది. రాత్రంతా బూడిదలో చల్లబడ్డ ఉక్కు ఆకురాయికి మెత్తగా లొంగుతుంది. అప్పుడు అంచు, మొన, పిడిలోకి దిగే తోక అన్నీ తీరిగ్గా అరగదీసుకోవచ్చు. అంచును మాత్రం ఇప్పుడే పదునుగా చేయొద్దు, అర మిల్లీమీటరైనా మందం ఉంచండి. మరీ సన్నగా ఉంటే కొలిమిలో మాడి కార్బన్ పోతుంది, ముంచినప్పుడు వంకర పోతుంది.

ఇక అసలు ఘట్టం.

మామూలు వేడిలో ఇనుప పరమాణువులు ఒక తీరులో పేర్చుకుని ఉంటాయి. ఆ పేర్పులో కార్బన్‌కు చోటు దాదాపు లేదు. ఎంత కిక్కిరిసినా 0.02 శాతం మించి పట్టదు. మిగిలిన కార్బన్ ఇనుముతో కలిసి సన్నటి పొరలుగా విడిగా ఉంటుంది. ఉక్కును 727 డిగ్రీలు దాటించేసరికి పేర్పు మారడం మొదలవుతుంది. కొత్త పేర్పు పేరు ఆస్టెనైట్. ఇందులో ఖాళీలు పెద్దవి, 2 శాతం దాకా కార్బన్ కరిగిపోతుంది. కమాను పట్టీ మొత్తం ఈ స్థితికి రావాలంటే 800 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు లేని కమ్మరికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? రంగును బట్టి. కొలిమిని నీడలో, పాక కింద పెట్టడానికి ఒక కారణం ఇదే. ఎండలో 800 డిగ్రీల ఎరుపు కంటికి ఆనదు, ఇంకా కాలలేదనుకుని మాడ్చేస్తాం. కొత్తవాళ్లకు అయస్కాంతం సాయం. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంటుకోవడం మానేశాక ఇంకాస్త రంగు ఎక్కనిచ్చి, కత్తి అంతా ఒకే రంగులో ఉందని చూసుకుని, తీసి నూనెలో ముంచాలి.

ఇక్కడ ఉక్కులో జరిగేది వింత. మెల్లగా చల్లారనిస్తే కార్బన్ బయటికొచ్చి మళ్లీ పొరలుగా సర్దుకునేది. ఇప్పుడు దానికి ఆ వ్యవధి లేదు. రేపల్లె ప్యాసింజరు తెనాలిలో నిమిషం కూడా ఆగకుండా కదిలిపోతే, దిగవలసినవాళ్లు తలుపు దగ్గర ఇరుక్కుపోయి పెట్టె గోడలు పిగిలేలా ఎలా నిలబడతారో, కార్బన్ పరమాణువులు అలా ఇనుములోనే ఇరుక్కుపోతాయి. సుమారు 300 డిగ్రీల దగ్గర మొదలై, పాత పేర్పుకు తిరగబోయిన ఇనుము వాటి వల్ల ఒక దిక్కుకు సాగి బిగుసుకుంటుంది. ఇదే మార్టెన్‌సైట్. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ మీద గౌరవంతో 1895 ప్రాంతంలో ఆ పేరు పెట్టారు. లోపల ఇంత బిగువున్నప్పుడు పరమాణు వరసలు ఒకదాని మీద ఒకటి జారలేవు. జారలేకపోవడమే గట్టిదనం.

నీళ్లెందుకు వద్దు, నూనే ఎందుకు? ఎర్రటి లోహం నీళ్లలో పడగానే చుట్టూ ఆవిరి తొడుగు ఏర్పడుతుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన ఘటనే ఇది. ఆ తొడుగు ఒకచోట తెగి ఒకచోట తెగక, కత్తి ఒక పక్క ముందు, ఒక పక్క వెనక చల్లబడుతుంది. మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు కాస్త ఉబ్బుతుంది కూడా. ఒక పక్క ఉబ్బి ఒక పక్క ఉబ్బకపోతే టప్పుమని పగులుతుంది. కమాను పట్టీలోని మాంగనీసు, క్రోమియం కార్బన్ కదలికను నెమ్మదింపజేస్తాయి కాబట్టి దానికి నీటి తొందర అక్కర్లేదు, నూనె వేగం చాలు. బాపట్ల ఇసుక నేలల్లో పండే వేరుశనగ నూనె భేషుగ్గా పనిచేస్తుంది. దాన్ని 50, 60 డిగ్రీలకు ముందే వెచ్చబెట్టండి. పలచబడి కత్తి చుట్టూ బాగా తిరుగుతుంది. పాత్ర ఇనుపదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి. మంట లేస్తే నీళ్లు పోయకూడదు, మూత పెట్టాలి. పాత ఆకురాయిని కత్తిగా చేసేవాళ్లకు నూనె ఒక్కోసారి చాలదు. అక్కడ కొందరు గోరువెచ్చని ఉప్పునీళ్లు వాడతారు. ఉప్పు ఆవిరి తొడుగును త్వరగా చీలుస్తుంది.

దీని గురించి మనవాళ్లు ఎప్పటి నుంచి ఆలోచిస్తున్నారో చూడండి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గాల గురించి రాస్తూ, అరటి క్షారం కలిపి ఒక రోజు నిలవ ఉంచిన మజ్జిగలో ముంచిన ఇనుము రాతి మీద విరగదని, మరో ఇనుము మీద మొద్దుబారదని అంటాడు. అరటి బూడిదలో పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి. ఉప్పునీళ్లు చేసే పనే అవీ చేస్తాయి. ఆయన చెప్పిన మిగతా ద్రవాల్లో గుర్రప్పాలు, ఒంటెపాలు కూడా ఉన్నాయి. వాటి విషయంలో నాకు అంత నమ్మకం లేదు. కొల్లూరు, భట్టిప్రోలు లంకల్లో అరటి తోటలున్నవాళ్లు కావాలంటే మొదటిది ప్రయత్నించవచ్చు.

ముంచి తీసిన కత్తి అంచు మీద ఆకురాయి పెట్టి గీయండి. పట్టకుండా సర్రున జారిపోతే గట్టిపడినట్టే. సంబరపడి బండ మీద మాత్రం పడేయకండి, రెండు ముక్కలవుతుంది. ఇప్పుడు అది ఎంత గట్టిదో అంత పెళుసు.

ఆ పెళుసుదనం తీయడం రెండో ఘట్టం. కత్తి ఒక పక్కను ఉప్పు కాగితంతో తళతళలాడేలా రుద్దండి. మూకుడులో రెండంగుళాల ఇసుక పోసి, కత్తిని వెన్ను కిందికి వచ్చేలా ఇసుకలో దిగేసి, సన్నని సెగ మీద పెట్టండి. కాసేపటికి మెరిసే ఉక్కు మీద రంగులు పాకుతాయి. మొదట వరిగడ్డి రంగు, 220, 230 డిగ్రీల దగ్గర. తర్వాత గోధుమ రంగు, 250 దగ్గర. 275 దాటితే వంకాయ రంగు. 300కి నీలం. ఉక్కు మీద పెరిగే ఆక్సైడు పొర మందాన్ని బట్టి వచ్చే రంగులివి. ఆ పొర మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటే పలచన. లోపల ఇరుక్కున్న కార్బన్‌లో కొంత ఈ వేడికి కదిలి, బిగువు కాస్త సడలుతుంది. వంటింటి కత్తి అంచుకు వరిగడ్డి రంగు, వెన్నుకు వంకాయ రంగు వస్తే అంతకంటే కావలసింది లేదు. అంచు గట్టిగా, వెన్ను విరగకుండా ఉంటుంది. గొడ్డలైతే అంచు కూడా వంకాయ రంగుకు రావాలి, అది దెబ్బలు తినాలి కదా. ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచితే పని ఇంకా నిలకడగా జరుగుతుంది. రంగులు చూడటంలోని ఆనందం మాత్రం పోతుంది.

పదునుకు లెక్క ఉంది. సాన పట్టిన అంచు మందం ఒక మైక్రాన్ అనుకుందాం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అయిదు సెంటీమీటర్ల అంచును కిలో బరువుతో టమాటా మీద ఆనిస్తే ఆ తొక్క మీద పడే ఒత్తిడి గాలి ఒత్తిడికి దాదాపు రెండువేల రెట్లు. అంచు మొద్దుబారి 20 మైక్రాన్లయితే వంద రెట్లకు పడిపోతుంది. మొద్దు కత్తితో వేలు ఎందుకు తెగుతుందో ఇందులోనే ఉంది. ఒత్తిడి చాలక మనం బలం పెంచుతాం, కత్తి జారుతుంది. మూడు సెంటీమీటర్ల వెడల్పున్న కత్తి వెన్నును సానరాయి మీద ఒక సెంటీమీటరు పైకెత్తి రుద్దితే ఒక్కో పక్క సుమారు 20 డిగ్రీల కోణం వస్తుంది. వంటింటికి అది చాలు. కొడవలికి కక్కు కొట్టడం వేరే విద్య. దాని పళ్లు వరి దుబ్బును జారనివ్వకుండా పట్టుకుంటాయి. కోత యంత్రాలొచ్చాక ఆ పని బాగా తగ్గింది, కొలిములూ తగ్గాయి. ఆ యంత్రాల ముందుండే కోత పళ్లను గట్టిపరిచేదీ ఈ కాల్చి ముంచే పద్ధతే.

పిడికి నల్లతుమ్మ చేవ మంచిది. తోకను వేడిచేసి, లక్క నింపిన రంధ్రంలోకి దిగగొట్టి, నోటి దగ్గర ఇత్తడి పొన్ను బిగిస్తే కర్ర చీలదు. తోక వేడిచేసేటప్పుడు అంచుకు తడిగుడ్డ చుట్టండి, లేకపోతే ఇంతసేపు పడ్డ పాటు పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసుకున్న కత్తికి ఇబ్బంది లేదు. ఆ పనులకు కాకుండా, 9 అంగుళాల కంటే పొడుగో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న అలుగు చేస్తే అది 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది. సరదాకి కూడా అటు పోవద్దు. ఇంకో జాగ్రత్త, జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

చేసుకున్న కత్తిని స్టీలు కత్తిలా సింకులో వదిలేయకండి. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కాబట్టి దానికి చెల్లుతుంది. మన కత్తి సూర్యలంక, నిజాంపట్నం ఉప్పుగాలికి తెల్లారేసరికి ఎర్రబారుతుంది. నిమ్మకాయ కోసినా, చేప కోసినా వెంటనే కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి. ఇంకొకటి, మీ ఊళ్లో కొలిమి ఇంకా మండుతుంటే మొదటి కత్తిని ఇంటి దగ్గర చేయకండి. పట్టీ ముక్క తీసుకుని ఆ కమ్మరి దగ్గరికి వెళ్లి, ఆయన కూలి ఆయనకిచ్చి, పక్కన కూర్చుని చేయండి. ముంచే ముందు ఉక్కు ఏ రంగులో ఉండాలో అచ్చులో ఎంత వర్ణించినా చాలదు, అక్కడ ఒకసారి చూస్తే సరిపోతుంది.